ఇద్దరు వెంకటరావమ్మలు

సుబ్బరావమ్మ కాళ్ళు నిలువు చెయ్యడానికి డాక్టర్ రాధాకృష్ణమూర్తి ఒప్పుకున్నాడు. ఎముక ఎక్కడ కోస్తాడో ఎక్స్‌రే ఫిల్ము మీద పెన్సిలుతో గీసి మరీ చూపించాడు. చూపించాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నీతో ఎవరొచ్చారమ్మా?" అని అడిగాడు.

వ్యవహారం అక్కడ అడ్డం తిరిగింది.

"ఎవరూ రాలేదండి. నేనే వచ్చాను."

"ఇవాళ సరే. ఆపరేషన్‌కి?"

"అప్పుడూ నేనే వస్తానండి."

డాక్టరు నవ్వలేదు. ఆయన నవ్వే మనిషి కాడు.

"చూడమ్మా. మోకాలి కింద ఎముకలోంచి ఒక బద్ద తీసేస్తాను. పుచ్చకాయ ముక్కలాగా ఒక పక్క మందం, ఒక పక్క పలచన. ఆ సందు మూసుకుంటే కాలు నిలువుకి వస్తుంది. తొడ నుంచి పాదం దాకా సిమెంటు కట్టు. ఎముక అతుక్కునేదాకా కాలు నేలకి ఆనకూడదు. అది అయ్యాక రెండో కాలు. అన్నాళ్ళూ నీకు మంచినీళ్ళు ఎవరిస్తారు? బెడ్‌పాన్ ఎవరు పెడతారు? వార్డు మొత్తానికి ఉన్నది ఒక్క నర్సు."

"ఆ నర్సమ్మనే బతిమాలుకుంటానండి."

"కుదరదు. రక్తసంబంధం ఉన్న మనిషి పక్కన ఉండాలి. ప్రతి ఆపరేషన్‌కీ ఆ మనిషే సంతకం పెట్టాలి. ఇక్కడ రూలు అది. నీకు ఎవరూ లేరా?"

ఆ ప్రశ్నకి ఉన్నారని చెప్పినా కష్టమే, లేరని చెప్పినా కష్టమే. సుబ్బరావమ్మ కాసేపు తన మోకాళ్ళ వైపు చూసుకుంది.

"చెల్లెలుందండి. ఒక్కతే. వెంకటరావమ్మ."

"ఇంకేం? ఆమెని తీసుకురా. మంచం ఇస్తాను."

అది ఎనభై అయిదో సంవత్సరం, వానాకాలం. గుంటూరులో ధర్మదాతలు నడిపే చిన్న ఎముకల ఆస్పత్రి. సుబ్బరావమ్మది కనిగిరి అవతల గుండ్లమడుగు. ఆ ఊరి బావుల్లో నీళ్ళు చూడటానికి అద్దంలా ఉంటాయి. ఆ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకి పళ్ళ మీద పసుపు గార, ఎముకల్లో వంకర. సుబ్బరావమ్మకి నడక వచ్చిన దగ్గర్నుంచీ దొడ్డికాళ్ళే. రెండు పాదాలూ దగ్గరపెట్టి నిలబడితే మోకాళ్ళ మధ్యనుంచి కోడిపెట్ట దూరిపోయేంత సందు. పెళ్ళి కాలేదు. అమ్మా నాన్నా పోయాక ఇల్లూ, కొంచెం పత్తి చేనూ ఆమెకి మిగిలాయి. నలభై దగ్గర పడేసరికి మోకాళ్ళ లోపలి వైపు అరిగిపోయి, చేను గట్టు ఎక్కడానికి చేతులు కూడా వాడవలసి వస్తోంది. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నాళ్ళకి నువ్వు మంచం దిగలేవని, కనిగిరిలో క్యాంపు పెట్టిన డాక్టరు చెప్పాడు. మంచం దిగలేకపోతే చూసే దిక్కు లేదు. అందుకే బస్సెక్కి గుంటూరు వచ్చింది.

చెల్లెలు మాత్రం ఉన్న మాటే. వెంకటరావమ్మ పాలు మరిచిన ఏడే మేనమామ, పిల్లలు లేక, చీరాల పక్కన తన ఊరికి తీసుకుపోయి పెంచుకున్నాడు. అక్కడ ఇసక నేల, తియ్యటి నీళ్ళు. ఒకే తల్లి కన్న ఇద్దరు ఆడపిల్లలకి రెండు బావులు రెండు రకాల కాళ్ళు ఇచ్చాయి. పండగలకీ పబ్బాలకీ వెంకటరావమ్మ వచ్చేది, అక్క చెయ్యి పట్టుకుని ఊరంతా తిరిగేది. తర్వాత ఆమెని అద్దంకి దగ్గర కొండ్రుపాడులో మిరపతోట ఉన్నవాళ్ళకి ఇచ్చారు. సుబ్బరావమ్మ ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. చెల్లెలే వచ్చి చూసిపోతూ ఉండేది.

ఆ రాకపోకలు ఒక్క మాటతో ఆగిపోయాయి. కూతురి పెళ్ళి కుదిరిందని చెప్పడానికి వచ్చిన వెంకటరావమ్మ, వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి నేల చూపులు చూస్తూ అంది: "అక్కా, పెళ్ళికి మాత్రం రావాకే. మగపెళ్ళివాళ్ళు కాళ్ళు చూస్తారు. ఇది వంశంలో ఉంది, రేపు పుట్టేవాళ్ళకీ వచ్చుద్దంటారు. మూడు ముళ్ళూ పడినాక నేనే వచ్చి తీసుకుపోతా."

సుబ్బరావమ్మ సరే అంది. వెంకటరావమ్మ రాలేదు. మొదటి ఏడు ఎదురుచూసింది. రెండో ఏడు మానేసింది. ఆ తర్వాత ఎవరైనా చెల్లెలి సంగతి అడిగితే బాగుందిట అనేది.

కాబట్టి ఇప్పుడు కాళ్ళ కోసం పోయి ఆ గుమ్మంలో నిలబడే ప్రశ్న లేదు.

ఆస్పత్రి వరండా చివర, మందులిచ్చే కిటికీ పక్కన, నేల మీద ఒకామె కూర్చుని తమలపాకులకి సున్నం రాస్తోంది. వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళని చాలామందిని చూసినట్టుంది, ఏడవకుండా కూర్చున్న సుబ్బరావమ్మనే వింతగా చూసింది.

"ఏందమ్మా, తోడు లేదన్నాడా?"

"నీకెట్టా తెలుసు?"

"ఆ గదిలోంచి అట్టాంటి మొహం పెట్టుకుని వచ్చేది తోడులేనోళ్ళే. ఎముక ఇరిగినోళ్ళు కూడా ఇంకాస్త కులాసాగా వస్తారు."

ఆమె పేరు జోహరాబీ. చీరాలలో మగ్గం నేసే మొగుణ్ణి తుంటి విరిగితే ఇక్కడికి తెచ్చింది. అతను ఇక్కడే పోయాడు. మట్టి చేసి వచ్చి, చాప చుట్టుకుందామని కూర్చుంటే, పక్క మంచం ముసలామె మంచినీళ్ళు అడిగింది. ఇచ్చింది. ఆ ముసలామె వెళ్ళాక ఇంకొకరు. చీరాలలో ఎవరూ లేరు గనక ఆమె మళ్ళీ చీరాల వెళ్ళలేదు. రెండు పూటలా అన్నం, మంచం పక్కన పడుకునే చోటు. అంతకన్నా అడిగేది కాదు.

"నువ్వు నాకు చెల్లెలివి కావాలి," అంది సుబ్బరావమ్మ.

"ఎందాకా?"

"రెండు కాళ్ళూ అయ్యేదాకా."

"పేరు?"

"వెంకటరావమ్మ."

"అబ్బో, నోటినిండా ఉంది. బొట్టు పెట్టుద్దా మీ చెల్లెలు?"

"పెట్టుద్ది."

"పెడదాం. మొహం కడుక్కుంటే పోయేదేగా." జోహరాబీ ఆకు నోట్లో పెట్టుకుని, దవడ నిండాక అంది: "డాక్టరు సంగతికి బయపడమాక. ఆయన మనుషుల మొహాలు చూడడు. కాళ్ళే చూస్తాడు. నేను రోజూ ఎదురుపడతా, ఇంతవరకూ నా మొహం ఆయన ఎరగడు."

నిజంగానే ఎరగడు. నర్సు దీనమ్మకి మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది. కానీ ఒక బెడ్‌పాన్ పని తప్పుతుంది గనక ఆమె నోరు మెదపలేదు.

ఎడమ కాలి ఆపరేషన్ అయింది. మత్తు దిగాక వచ్చిన నొప్పికి సుబ్బరావమ్మ మంచం పట్టె కొరికింది. కొరుకుతుంటే జోహరాబీ తన కొంగు మడిచి నోట్లో పెట్టింది. "పన్ను పోతే దానికి వేరే ఆస్పత్రికి పోవాలక్కా," అంది. అక్కా అన్న పిలుపు వార్డు వింటుందని అన్నదే. అయినా అది చెవిలో పడ్డప్పుడల్లా సుబ్బరావమ్మకి నొప్పి కాస్త పక్కకి జరిగినట్టుండేది.

వారాలు గడిచాయి. పైకప్పు మీద ఒక తడి మరక ఉండేది, వాన పడ్డ రోజున కొంచెం పెరిగేది. మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి అంతకుమించి చూడటానికి ఏమీ లేదు. పొద్దున్న పక్క మంచాలవాళ్ళకి క్యారియర్లు వచ్చేవి, సాయంత్రం మనుషులు వచ్చేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, నారింజకాయలు వొలిచి పెట్టేవాళ్ళు. జోహరాబీ పని చేసినంత సేపు చేసి వరండాలోకి పోయి ఆకు వేసుకునేది. ఆమె మంచిదే. కానీ సుబ్బరావమ్మ చిన్నప్పటి సంగతి ఏదన్నా చెప్పబోతే, "ఊ, ఊ," అంటూ మధ్యలో నిద్రపోయేది. చెల్లెలయితే మిగతాది తనే చెప్పేది.

కట్టు విప్పిన రోజున దుప్పటి తీసి చూసుకుంది. రెండు కాళ్ళు పక్కపక్కన ఉన్నాయి. కుడిది తనది. ఎడమది ఎవరిదో. సన్నగా, పొట్టు రేగిన చర్మంతో, కర్ర పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. దాన్ని ముట్టుకోవడానికి కూడా మొహమాటపడింది.

"బాగా కుదిరింది," అన్నాడు డాక్టరు. "ఇంకో వారంలో కుడిది. అప్పటిదాకా లేచి తిరగొద్దు. ఇప్పుడు నడిచావంటే ఒక కాలు గట్టు మీద, ఒక కాలు కాలవలో పెట్టినట్టుంటుంది."

ఆ వారంలోనే పిడుగు పడింది. మగవాళ్ళ వార్డులో నరసరావుపేట వైపు నుంచి వచ్చిన బుల్లయ్య అనే రైతు ఉన్నాడు. అతని తమ్ముడినని సంతకం పెట్టిన మనిషి ఎదురుగా టీ బంకు నడిపేవాడని బయటపడింది. డాక్టరు బుల్లయ్యని ఆపరేషన్ బల్ల మీదనుంచి దింపి, ఎక్స్‌రే చేతికిచ్చి, రిక్షా ఎక్కించి పంపేశాడు. తర్వాత ఆడవాళ్ళ వార్డులోకి వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"వెనక ఒకసారి నేను మోసపోయాను. బల్ల మీద మనిషి పోయాడు. అన్ననని చెప్పినవాడు గోడ దూకి పారిపోయాడు. అసలు అన్నలు కర్రలు పట్టుకుని వచ్చారు. ఆ రోజు నుంచీ నాకు దొంగ చుట్టాలంటే గిట్టదు. ఇక్కడ అలాంటివాళ్ళుంటే తెలిసిన క్షణంలో పంపేస్తాను. సగంలో ఉన్నా సరే."

సగంలో ఉన్నది సుబ్బరావమ్మ ఒక్కతే.

ఆ మాట తర్వాత ఆమెకి అన్నం సయించలేదు. రెండు కాళ్ళూ వంకరగా ఉంటే అది ఒక నడక. జనం నవ్వినా నడక. ఒకటి నిలువు, ఒకటి వంకర అయితే నడకే లేదు. ఇప్పుడు పంపేస్తే ఊళ్ళోంచి వచ్చినదానికన్నా అధ్వాన్నంగా పోవాలి. మంచం దిగలేని బతుకు రేపే మొదలవుతుంది.

"నా నోట్లోంచి రాదు," అంది జోహరాబీ. "నీ నోట్లోంచి రాకుండా చూసుకో. నన్ను కూడా గేటు దాటించేస్తాడు."

కుడి కాలికి ముందురోజు పొద్దున. కార్తీకం మొదలైంది. వార్డులో చలిగాలి. డాక్టరు సుబ్బరావమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని, సిరా కలంతో కాలి మీద గుర్తు పెడుతున్నాడు. జోహరాబీ బొట్టు పెట్టుకుని, తల దువ్వుకుని, సంతకానికి పిలుస్తారని తలగడ వైపు నిలబడి ఉంది. దీనమ్మ పళ్ళెం పట్టుకుంది.

గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"నర్సమ్మా, గుండ్లమడుగు సుబ్బరావమ్మ ఈ గదిలోనేనా? నేను ఆమె చెల్లెల్ని. వెంకటరావమ్మని."



డాక్టరు కలం ఆపి తలెత్తాడు. గుమ్మంలో ఉన్న మనిషిని చూశాడు. తలగడ దగ్గర ఉన్న మనిషిని చూశాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆయన మొహాలు చూశాడు.

"ఎంతమంది వెంకటరావమ్మలమ్మా నీకు?"

దీనమ్మ పళ్ళెంలోకి చూస్తోంది. గుమ్మంలో చెల్లెలు. జుట్టు కొంచెం నెరిసింది. బస్సు దుమ్ము మొహం మీద ఉంది. ఒక చేతిలో సంచి, ఇంకో చంకలో చుట్టిన చాప.

"సుబ్బరావమ్మా," అన్నాడు డాక్టరు, "ఈమె ఎవరు?"

అబద్ధానికైనా నిజానికైనా పట్టేది ఒక్క క్షణమే. ఆ కాస్త సమయంలో సుబ్బరావమ్మ కుడి కాలు మీద తడి ఆరని సిరా గుర్తు చూసింది. గుండ్లమడుగు గుమ్మంలో నేలచూపులు చూసిన మొహం కూడా చూసింది.

"నాకు తెలియదండి. ఎవరో మరి."

డాక్టరు గుమ్మం వైపు తిరిగాడు. "ఏమ్మా?"

వెంకటరావమ్మ మంచం దాకా నాలుగడుగులు వేసి, దుప్పటి బయట ఉన్న ఎడమ కాలుని పై నుంచి కిందికి చూసింది. తర్వాత జోహరాబీ బొట్టుని చూసింది. చివరికి అక్క మొహం చూసింది, చూపు తిప్పుకోలేదు.

"పొరపాటు పడ్డానండి," అంది డాక్టరుతో. "మా అక్కవి దొడ్డికాళ్ళు. ఈమె కాదు."

చాప చంకలోకి సర్దుకుని వెళ్ళిపోయింది. చెప్పులు తొడుక్కున్న చప్పుడు, వరండాలో అడుగుల చప్పుడు, తర్వాత గేటు. డాక్టరు గుమ్మం వైపు అనుమానంగా ఇంకోసారి చూసి, "ఊళ్ళల్లో పేర్లన్నీ ఒకటే పెడతారు," అని మిగతా గుర్తు గీశాడు.

ఆ రోజంతా సుబ్బరావమ్మ ఒక్క సంగతే ఆలోచించింది. సంచి సరే. చూడటానికి వచ్చిన మనిషికి చాప ఎందుకు?

సాయంత్రానికి జవాబు దొరికింది. దొరకకపోతే బాగుండేది.

"మా చెల్లెలు రావమ్మ ఉండిపోదామని వచ్చింది," అంది.

జోహరాబీ బొట్టు కడుక్కుంటోంది. "అయుండొచ్చు. పిలుచుకు రానా? బస్టాండులో ఉంటదేమో."

సుబ్బరావమ్మ కుడి కాలుని చూసుకుంది. సిరా ఆరిపోయింది.

"వద్దులే," అంది.

కుడి కాలు కూడా కుదిరింది. మళ్ళీ సిమెంటు కట్టు, మళ్ళీ వెల్లకిలా, మళ్ళీ పైకప్పు మీద మరక. ఈసారి నొప్పికి ఆమె పట్టె కొరకలేదు, కొంగు అడగలేదు. కళ్ళు మూసుకుంటే చెల్లెలి మాట వినిపించేది: మా అక్కవి దొడ్డికాళ్ళు, ఈమె కాదు. అది తనని కాపాడటానికి అన్న మాటా, తెంచుకోవడానికి అన్న మాటా? ఒకసారి ఇలా తోచేది, ఒకసారి అలా. తను అన్న మాట సంగతి కూడా అంతే. కాలు కోసం అన్నానని ఎంత చెప్పుకున్నా, అది అంటున్నప్పుడు నోటికి ఇంకేదో రుచి కూడా తగిలిన సంగతి తనకి తెలుసు.

సంక్రాంతి దాటాక కట్టు విప్పారు. మొదట గోడ పట్టుకుని, తర్వాత చేతికర్ర పట్టుకుని, తర్వాత ఏమీ లేకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఒళ్ళు ఇంత ఎత్తున ఉండటం కొత్త. కిటికీలోంచి ఇదివరకు కనిపించని వీధి కనిపించింది. డాక్టరు మొదటిసారి నవ్వాడు, ఫొటో తీయించాడు.

ఇంటికి పంపేసే రోజున జోహరాబీ మంచం చుట్టూ సర్దిపెట్టింది.

"నాతో గుండ్లమడుగు రాకూడదూ?" అంది సుబ్బరావమ్మ. "ఇల్లుంది. ఇద్దరం ఉండొచ్చు."

"మీ నీళ్ళు తాగితే నాకూ కాళ్ళు వంకరపోతయ్యి," అని నవ్వింది జోహరాబీ. తర్వాత నవ్వు ఆపి, "కిటికీ దగ్గర మంచానికి ఒకామె వచ్చిందండి, మాచర్ల నుంచి. ఎవరూ లేరు. మేనత్తనని చెప్పా. డాక్టరు మళ్ళీ కాళ్ళే చూస్తన్నాడు. జాగర్తగా పోయి రండి."

అక్కా అన్న పిలుపు పోయి అండి వచ్చింది. ఆమె తప్పేమీ లేదు. ఒప్పందం రెండు కాళ్ళూ అయ్యేదాకే.

సుబ్బరావమ్మ కనిగిరి బస్సు ఎక్కలేదు. అద్దంకి బస్సు ఎక్కింది.

కొండ్రుపాడు రోడ్డు మీద దిగేసరికి పొద్దు వాలుతోంది. రోడ్డుకి రెండు వైపులా మిరప కల్లాలు. నేల కనపడకుండా ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు ముక్కుకి కొడుతోంది. అడిగితే చూపించారు. రోడ్డు పక్క కల్లంలోనే వెంకటరావమ్మ నలుగురు కూలీ ఆడవాళ్ళతో కూర్చుని, రంగుపోయిన తాలు కాయలు ఏరి పక్కన వేస్తోంది. తలకి గుడ్డ కట్టుకుంది.

ఆమె తలెత్తి చూసింది. రోడ్డు మీదనుంచి తిన్నగా నడిచి వస్తున్న పొడుగు మనిషిని ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి.

"ఎవరే ఈమె ఎంకట్రావమ్మా? అట్టా చూస్తన్నావు?" అని అడిగింది ఒక కూలీ ముసలామె.

"అమరావతిలో పరిచయం," అంది వెంకటరావమ్మ. "కార్తీకంలో." లేచి చేతులు దులుపుకుంది. "రండి. నీడకి రండి."

కల్లం చివర తాటాకు పందిరి ఉంది. దాని కింద నీళ్ళ కుండ. వెంకటరావమ్మ గ్లాసు కడిగి నీళ్ళిచ్చింది. సుబ్బరావమ్మ తాగింది. తియ్యగా ఉన్నాయి.

"అమరావతేంటే రావమ్మా?"

"ఇంట్లో అట్టానే చెప్పి వచ్చా. కార్తీకం నెల్లాళ్ళూ అమరావతిలో స్నానాలు చేసుకుని వస్తానని. అద్దంకి సంతలో మీ ఊరి గాజులామె కనపడి, నువ్వు ఒక్కదానివే గుంటూరు పోయావని చెప్పింది. ఒక్కతే ఎట్టా పడి ఉంటదిలే అని చాప చుట్టుకుని వచ్చా."

"మరి... ఆ తర్వాత?"

"తర్వాతేముంది. నెల్లాళ్ళని చెప్పి మర్నాడే ఇంటికెట్టా పోను? అమరావతి పోయా. సత్రం అరుగు మీద పడుకున్నా. రోజూ చీకటితోనే కిష్టలో మునగటం, గుళ్ళో కూర్చోవటం. ఎంత పుణ్యం వచ్చిందో మరి." ఆమె గొంతులో వేళాకోళం ఉంది, కళ్ళల్లో లేదు. "మర్నాడు నీకు రెండో కాలు కోస్తారని గేటు దగ్గర విన్నా, ఆ పొద్దున గుంటూరు బస్సు దగ్గర దాకా వచ్చా. ఎక్కలేదు."

సుబ్బరావమ్మ గ్లాసు కింద పెట్టింది. గుంటూరుకీ అమరావతికీ మధ్య ఎంత దూరం? బస్సులో గంట, అంతే. తను వెల్లకిలా పడుకుని పైకప్పు చూసిన ఆ కార్తీకమంతా, చెల్లెలు అరుగు మీద పడుకుని ఆకాశం చూసింది.

"నిజం చెప్పేదాన్నే. చెప్తే సగంలో పంపేసేవాడు."

"తెలుసు. ఆ బొట్టు పెట్టుకున్నామెని చూడంగానే తెలిసింది."

"అందుకేనా అట్టా అన్నావు? నన్ను కాపాడదామనేగా?"

వెంకటరావమ్మ పందిరి గుంజకి చేరబడింది. "గేటు దాటేదాకా అదే అనుకున్నా. బస్సెక్కి కూర్చున్నాక ఏమో తెలియలా. నువ్వు ఎందుకన్నావో నీకు తెలుసా?"

సుబ్బరావమ్మ గ్లాసు తీసి కుండ మీద బోర్లించింది. చెల్లెలు రెట్టించలేదు. కల్లంలో కూలీలు తుమ్ముతున్నారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు.

"ఏదీ, కొంచెం నడువు," అంది వెంకటరావమ్మ ఉన్నట్టుండి.

సుబ్బరావమ్మ పందిరి ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా నడిచింది. వెంకటరావమ్మ వంగి, చీర అంచు కొంచెం పైకెత్తి, మోకాలి కింద ఉన్న మచ్చ మీద బొటనవేలితో నిమిరింది.

"నొప్పుందా?"

"చలికి ఉంటది."

"బాగున్నయ్యే. అమ్మ చూడాల్సింది."

ఆ ఒక్క మాటకి సుబ్బరావమ్మకి ధైర్యం వచ్చింది. ఇంత దూరం ఎందుకు వచ్చిందో అది అడగడానికి కావలసిన ధైర్యం.

"రావమ్మా. ఇప్పుడు కాళ్ళు బాగయ్యాయి. ఎవరూ ఏమీ అనరు. పిల్లని ఒకసారి చూసి పోతా. ఇంటికి రానా?"

వెంకటరావమ్మ చీర అంచు వదిలేసింది.

"అల్లుడు కూడా వచ్చి ఉన్నాడక్కా."

"ఉండనీ. చూస్తే ఏమంటాడు? తిన్నగానే ఉన్నయ్యిగా."

"కాళ్ళ సంగతి కాదే." ఆమె కల్లం వైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పింది. "నేను నిన్ను పెళ్ళికి రావద్దని ఊరుకోలేదు. ఆ వైపోళ్ళు మీ అక్కచెల్లెళ్ళు ఎంతమంది అని అడిగారు. నేను ఒక్కదాన్నే అని చెప్పా. మీ మరిదికి కూడా అదే చెప్పమన్నా. ఇన్నేళ్ళూ అదే మాట. ఇప్పుడు నిన్ను గుమ్మంలోకి తీసుకుపోయి, ఇదిగో మా అక్క అంటే, లేని అక్క ఎక్కణ్ణించి వచ్చింది, ఎందుకు దాచావు, ఆమెకి ఏముంది అంటారు. కాళ్ళు చూపిస్తే మచ్చలు కనపడతయ్యి. దాని కాపురం ఇప్పుడిప్పుడే కుదురుకుంది."

సుబ్బరావమ్మ ఒక్కసారి, ఒక్క డాక్టరు ముందు అన్న మాటని మంచం మీద మోసినన్నాళ్ళు మోసింది. చెల్లెలు అదే మాటని ఒక ఊరు ఊరంతటికీ చెప్పి, ఏళ్ళ తరబడి మోస్తోంది. ఎవరిది బరువో తేల్చుకునే ఓపిక ఆమెకి లేదు. ఎముకనైతే కోసి తిప్పవచ్చు. ఈ మాటకి ఎక్కడ గీత గియ్యాలో డాక్టరుకి కూడా తెలియదు.

"కనిగిరి వైపు బస్సు ఎప్పుడు?" అని అడిగింది.

"పొద్దుగూకే లోపల ఒకటుంది. అద్దంకిలో మారాలి. రా, దిగబెడతా."

ఇద్దరూ రోడ్డు వైపు బయలుదేరారు. బస్సు ఆగే చోటు కొంచెం దూరం. వెంకటరావమ్మ చిన్నప్పటి అలవాటు చొప్పున అక్క కోసం అడుగు చిన్నది చేసి, ఆగి ఆగి నడిచింది. ఆ అవసరం ఇప్పుడు లేదు. సుబ్బరావమ్మ చకచకా పోగలదు. కానీ ఆమె కూడా మెల్లిగానే నడిచింది. చూసేవాళ్ళకి ఇద్దరు ముసలమ్మల్లా కనపడి ఉంటారు. ఎర్రటి కల్లాల మధ్య ఆ కాస్త రోడ్డుని వాళ్ళు ఎంత సాగదీయాలో అంత సాగదీశారు. మిరప ధర పడిపోయిందని వెంకటరావమ్మ అంది. పత్తికి పురుగు పట్టిందని సుబ్బరావమ్మ అంది.

బస్సు వచ్చింది. సుబ్బరావమ్మ మెట్టు ఎక్కింది, చేతులు వాడకుండా. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చుని బయటకి చూసేసరికి వెంకటరావమ్మ తల గుడ్డ సరిచేసుకుంటోంది. అటువైపు కల్లంలోంచి కూలీ ముసలామె ఏదో కేకేసింది. ఆమె అటు తిరిగి, "ఆ, వస్తన్నా," అంది.

బస్సు కదిలింది. కండక్టరు టిక్కెట్ల కట్ట పట్టుకుని వచ్చాడు.

"ఇద్దరెక్కుతారేమో అనుకున్నానమ్మా. ఆమె రాదా?"

"రాదు బాబూ. ఒక్కటే ఇవ్వు. అద్దంకి."

అతను టిక్కెట్టు చింపుతూ, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగినట్టు అడిగాడు: "ఎవరు, మీ వాళ్ళేనా?"

సుబ్బరావమ్మ కిటికీలోంచి వెనక్కి చూసింది. దుమ్ము లేచింది. దుమ్ములో ఎర్రటి నేల మీద వంగి కూర్చున్న ఆడవాళ్ళు కనపడుతున్నారు. అందరూ తలలకి గుడ్డలు కట్టుకుని ఉన్నారు.

"మా చెల్లెలు," అంది.

కండక్టరు అలాగా అన్నట్టు తలూపి, చిల్లర చేతిలో పెట్టి, వెనక సీట్ల వైపు వెళ్ళిపోయాడు.